రెండు గుండెల మనిషి

సిద్దయ్య నోటి నుంచి వరుసగా నాలుగు మాటలు రావడం సాలెవాడ చూసింది ఆండాళు పంతులమ్మ వచ్చాకే. అంతకు ముందు ఆయన తరఫున మగ్గమే మాట్లాడేది. పెళ్లయిన నాటి నుంచీ ఆ మూగతనంతో కాపురం చేసుకొచ్చిన రాజమణి, తన మొగుడికి అసలు మాటలే రావని నమ్మింది. మాటలు వచ్చని, ఇన్నాళ్లూ తన మీద ఖర్చు పెట్టలేదంతేనని తెలిసిన రోజున ఆమె కడుపులో మొదటి నిప్పురవ్వ పడింది.

నార్కట్‌పల్లి సడక్ దిగి గుట్టల సందున లోపలికి నడిస్తే ఆ ఊరు వస్తుంది. ఉర్దూ చదువులు పోయి తెలుగు చదువులు వచ్చిన కొత్త. హైస్కూల్లో సైన్సు చెప్పేవాళ్లు లేక డ్రిల్లు సారే పాఠం చదివించి, అర్థం అడిగిన పిల్లల చేత గుంజీలు తీయించేవాడు. అలాంటి బడికి భువనగిరి పద్మశాలీల పిల్ల ఆండాళు, హైదరాబాదులో చదువు ముగించుకుని, సైన్సు పంతులమ్మగా వచ్చింది. పెళ్లి కాని పిల్ల ఒంటరిగా ఎక్కడ ఉంటుందని ఊరి పెద్దలు తలలు పట్టుకుంటే, మా ఇంట్లో ఉంటుందని ముందుకొచ్చింది రాజమణే. ఉన్న ఒక్క కూతురిని నకిరేకల్లు ఇచ్చేశాక ముందు గది ఖాళీగా ఉంది, మన కులపు పిల్ల, ఇంట్లో ఆడతోడు అని మొగుడిని ఒప్పించింది కూడా ఆమే. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో తర్వాత తెలిసింది.

ఆ ఇంటి పని చిటికి. నూలు మీద ముందే గీతలు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి ముళ్లు వేసి, రంగులో ముంచి, ఆ నూలుతో నేస్తే బట్టలోనే బొమ్మ తేలుతుంది. చెక్క చట్రానికి నూలు చుట్టి అటు సిద్దయ్య, ఇటు రాజమణి కూర్చునేవాళ్లు. ముడి వేయడం ఇద్దరిదీ, రంగు రాజమణిది, నేత సిద్దయ్యది. కూతురు వెళ్లిపోయాక ఆ ఇంట్లో కాపురమంటే ఆ చట్రానికి అటూ ఇటూ కూర్చోవడమే. ఆయన మాట్లాడడు, ఆమె మాట్లాడుతూనే ఉంటుంది, నాలుగు చేతులు మాత్రం ఒక్క మనిషివే అన్నట్టు నడుస్తుంటాయి. ఆమె కట్టిన ముళ్లు సరిగా ఉన్నాయా లేదా అని సిద్దయ్య ఏనాడూ లేచి ఇటు వచ్చి చూడలేదు. రాజమణి కట్టిందంటే అయిపోయినట్టే.

పంతులమ్మ వచ్చిన మొదటి వారమే వరండాలో ఒక గాజు సీసా పెట్టింది. అందులో ఎర్రమట్టి వేసి, నీళ్లు పోసి గిలక్కొట్టి, కదపవద్దని చెప్పింది. కాసేపటికి గులకరాళ్లు అడుగుకు చేరాయి, వాటి మీద ఇసుక, దాని మీద మెత్తటి ఒండ్రు, పైన ఎర్రనీళ్లు. కండెకు నూలు చుట్టుకుంటూ పక్కనే ఉన్న సిద్దయ్య చేయి ఆపి అలాగే చూస్తూ ఉండిపోయాడు. చెరువుల అడుగున, ఏళ్ల తరబడి ఇట్లాగే పొర మీద పొర పేరుకుని కొన్ని రకాల రాళ్లు తయారవుతాయని, మన గుట్టలు మాత్రం అట్లా పుట్టినవి కావని, భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడితే వచ్చినవని ఆండాళు చెప్పింది. సిద్దయ్య ఏమన్నాడో తెలుసా? మరి గుట్ట మీద మెరిసే రాయి సంగతేంది అని అడిగాడు. రాజమణి వంటింట్లో పిండి పిసుకుతూ ఆ ప్రశ్న విని, ఎవరో చుట్టాలు వచ్చారనుకుని బయటికి తొంగిచూసింది.

మర్నాడు పొద్దున్నే ఆయన గుట్టెక్కి తువ్వాల నిండా రాళ్లు మూట కట్టుకొచ్చాడు. ఇన్నేళ్ల కాపురంలో పెళ్లాం తలలోకి మూరెడు పూలు తేని మనిషి పంతులమ్మ కోసం గుట్టను మోసుకొచ్చాడు. ఇది పలుగురాయి, ఇది కాకిబంగారం అని ఆమె వేరు చేసి పెడుతుంటే, సిద్దయ్య గొంతుక్కూర్చుని కొత్త పలక కొనిచ్చిన పిల్లవాడిలా చూశాడు. ఎండకు పగిలి, వానకు అరిగి, ఆ గుట్టలే చివరికి మన పొలాల్లో ఎర్రమట్టి అవుతాయని ఆమె చెప్పిన ముచ్చటను అన్నం ముందు కూర్చుని మళ్లీ రాజమణికి అప్పజెప్పాడు. 

"మనం దున్నే మట్టంత ఒకప్పుడు గుట్టనేనట."

"అయితే బువ్వ ఎందుకు, గుట్టనే తిను," అంది రాజమణి. కంచంలో కూర అంత దూరం నుంచి వేసింది.

పక్కింటి సాలమ్మ ఇలాంటి వాసనలు పసిగట్టడంలో దిట్ట. ఆమె ఇంట్లో పొయ్యి వెలగకపోయినా పరాయి ఇంటి పొయ్యి ఊదడానికి గొట్టం పట్టుకుని తయారు. నిప్పు లేనిదే పొగ రాదు రాజమణీ అని ఒకసారి, మగవాడి మనసు కండె మీది నూలు, ఎటు లాగితే అటు వస్తుందని ఇంకోసారి అని పోయింది. నిజం చెప్పాలంటే అక్కడ నిప్పూ లేదు, పొగా లేదు. ఆండాళు ఆయనను నిండు నోటితో అన్నా అనేది, రాజమణిని వదినే అనేది, అందులో దాపరికం ఏమీ లేదు. ఏదైనా ఉండి ఉంటే రాజమణికి సుఖంగా ఉండేది. జుట్టు పట్టుకుని వాడలోకి ఈడ్చేది, నలుగురూ వచ్చేవాళ్లు, తీర్పు అయిపోయేది. ఏమీ లేనిదానికి ఎవరి జుట్టు పట్టుకోవాలి?

అసలు గమ్మత్తు ఏమిటంటే ఆ పాఠాలు రాజమణికీ నచ్చాయి. సాయంత్రం పెద్ద తరగతి ఆడపిల్లలు వరండాలో కూర్చుంటే ఆమె తలుపు వెనుక బియ్యం ఏరుతూ వినేది. ఆకు ఎండను పట్టుకుని తన తిండి తాను వండుకుంటుందని విన్న రోజున పెరట్లో ఉన్న బీరపాదును కొత్త కోడలిని చూసినట్టు చూసింది. ఒకనాడు పంతులమ్మ ఆమె నీడను గుర్తుపట్టి లోపలికి వచ్చి, చేయి పట్టుకుని పిల్లల మధ్యకు తీసుకుపోయింది. ఎవరి గుండె వాళ్ల పిడికిలంత ఉంటుందని చెప్పి, రాజమణి అరచేతిని రాజమణి రొమ్ము మీదే ఆనించింది.

"గిక్కడ సూడు వదినే. నడిమిట్ల కాదు, జర ఎడమదిక్కు. ఒక్కటే ఉంటది, పుట్టినకాడికెల్లి ఆగకుంట కొట్టుకుంటది."

అరచేతి కింద టకటక తగిలింది. ఇన్నాళ్లూ తనలో ఇంత పని జరుగుతున్నదా అని రాజమణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే కోపం వచ్చింది. తన గుండె ఎక్కడుందో తనకు చూపించడానికి భువనగిరి నుంచి ఈమె రావాల్సి వచ్చింది. మొగుడి నోరు విప్పింది ఈమే, తన కళ్లు తెరిపించిందీ ఈమే, ఇంక ఈ ఇంట్లో తాను చేయడానికి ఏం మిగిలింది?

చలికాలం వెళ్లే రోజుల్లో జిల్లా నుంచి పెద్ద అధికారి బడి తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. బడిలో మనిషి శరీరం పటం ఒకటి ఉండేది కానీ, దాని మీది ఉర్దూ అక్షరాలు పిల్లలకు తెలియవు, బొమ్మను చెదలు తిన్నాయి. గోడకు వేలాడేంత బట్ట మీద మనిషిని నేయగలవా అని ఆండాళు సిద్దయ్యను అడిగింది. లోపల గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మంచి రక్తం పారే నాళాలు ఎర్రగా, చెడు రక్తం పారేవి నీలంగా కనపడాలి.

"చిలుకను చేసిన, ఏనుగును చేసిన. మనిషిని చెయ్యనా?" అన్నాడు సిద్దయ్య.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వేరుగా ఉంది. చిన్నప్పుడు బడిలో అక్షరాలు దిద్దుతున్నవాడిని నాయన చేయి పట్టుకుని లాక్కొచ్చి మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. ఇప్పుడు ఊరి బడి గోడకు తన చేతి బట్ట వేలాడుతుంది, అది చూసి పిల్లలు పాఠం నేర్చుకుంటారు. తనిఖీ రోజున చూడడానికి రావాలని పంతులమ్మ పిలిస్తే, ఉతికిన ధోవతి ఉందా అని రాజమణిని అడిగాడు. బిడ్డ పెళ్లినాడు కూడా ఆయన ఆ మాట అడగలేదు.

గడువు తక్కువ. అందుకని సిద్దయ్య అడ్డంగా నేసే పేక నూలును సగం వెడల్పుకు మడిచి చట్రానికి చుట్టాడు. చిటికి పనివాళ్లకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. మడిచిన నూలు మీద ఒక చిలుకను కడితే, నేసిన బట్టలో రెండు చిలుకలు ఎదురెదురుగా వచ్చి కూర్చుంటాయి. కష్టం సగం, బొమ్మ నిండు. 

"మనిషికి కండ్లు రెండు, చెవులు రెండు, కాళ్లు చేతులు రెండు రెండు. దేవుడు గూడ మడిచే కట్టిండు పంతులమ్మా. మనం సగం కడ్తే సాలు," అన్నాడు.

ఆండాళు సంబరంతో చప్పట్లు కొట్టింది. శరీరం రెండు సగాలూ ఒకదానికొకటి అద్దంలో నీడలా ఉంటాయని తాను తరగతిలో గంటసేపు గొంతు చించుకున్నా పిల్లలకు ఎక్కలేదని, ఈయన ఒక్క మాటలో చెప్పేశాడని అంది. సిద్దయ్య చెవులు ఎర్రబడ్డాయి. రాజమణి ఆ చెవులను చూసింది. మొగుడి చెవులు ఎర్రబడతాయని కూడా ఆమెకు అప్పుడే తెలిసింది.

పంతులమ్మ పుస్తకం తెరిచి నూలు మీద సగం మనిషిని గీసింది. సగం తల, ఒక కన్ను, ఒక చేయి, ఒక ఊపిరితిత్తి, ఒక మూత్రపిండం, ఒక కాలు. గుండె ముఖ్యం కదా అని దాన్ని మాత్రం మడతకు కొంచెం పక్కగా, నిండుగా, ముచ్చటగా గీసింది. నాళాలు ఎక్కడ మొదలై ఎటు పోతాయో ఆమెకే తెలుసు గనుక, ముడి వేసేటప్పుడు సిద్దయ్యకు ఎదురుగా ఆమే కూర్చోవాలి.

"వదినే, జర నీ జాగ ఇస్తవా?" అంది నవ్వుతూ.

రాజమణి లేచింది. లేవకుండా ఏం చేస్తుంది? లేచి, పెరట్లో రంగు బానల దగ్గరికి పోయి, అక్కడి నుంచి లోపలికి చూస్తూ కూర్చుంది. పంతులమ్మకు ముడి వేయడం రాదు. పట్టీ వదులుగా చుడుతుంది, గీత దాటి కడుతుంది. సిద్దయ్య మాటిమాటికి లేచి చట్రం చుట్టూ తిరిగి ఇటు వచ్చి, వంగి, ఒక్కొక్క ముడినీ వేలితో తడిమి, వదులైంది విప్పి మళ్లీ కట్టిస్తున్నాడు. ఓపికగా, నెమ్మదిగా, దగ్గరగా. రాజమణికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఆ చోట కూర్చుని తాను వేసిన ముళ్లు లక్షో రెండు లక్షలో. ఒక్కనాడు ఒక్కటి చూశాడా? బాగా కట్టినావని అన్నాడా? కనీసం బాగాలేదని అన్నాడా? పని రానిదాని పక్కన చేరి ముడి ముడికీ మురిసిపోతున్నాడు, పని వచ్చినదాన్ని గోడ కింద జమకట్టాడు. ఆయన తన వైపు కూడా అట్లా వచ్చి వంగి చూడాలి అన్న కోరిక ఆమెకు ఆ పెరట్లోనే పుట్టింది. పుట్టిన కోరిక ఊరికే ఉండక లోపలంతా కొరకడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం మంచినీళ్లు తీసుకుని లోపలికి వెళ్లినప్పుడు చట్రం మీద పని సగమై ఉంది. చెంబు కింద పెట్టబోతూ రాజమణి ఆగిపోయింది. నూలు మడిచి ఉంది. మడత పక్కన గుండె ఉంది. ఒక చిలుక కడితే రెండు చిలుకలు. మడిచిన నూలు మీద ఒక గుండె కడితే? 

ఆమెకు అది లిప్తకాలంలో కనపడింది. గుండె ఒక్కటే ఉంటుందని, తన అరచేతిని రొమ్ము మీద పెట్టి మరీ చెప్పిన మనిషే అక్కడ వంగి పట్టీ చుడుతోంది. జంట బొమ్మలు కట్టీ కట్టీ మడత అలవాటైపోయిన మొగుడు ఎదురుగా కూర్చుని తల ఊపుతున్నాడు. ఒకరి తెలివి చూసి ఒకరు మురిసిపోతూ ఇద్దరూ మరిచిపోయారు. 

"పంతులమ్మా," అంది రాజమణి. ఆ క్షణంలో ఆమె చెప్పాలనే నోరు తెరిచింది, అది మాత్రం నిజం.

సిద్దయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వు పోయి రంగు సూస్కో. గిది సదువు ముచ్చట, నీకు సమజ్ కాదు."

ఆయన కసరలేదు, ఈగను తోలినట్టు అన్నాడంతే. కసిరినా బాగుండేది. రాజమణి చెంబు కింద పెట్టి పెరట్లోకి వచ్చేసింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆమె, బావి దగ్గర విన్నది ఇంటికి వచ్చేలోపు నలుగురికి చెప్పేస్తుంది. ఆ ఒక్క మాట మాత్రం ఆమె నోట్లో నానింది, ఉబ్బింది, బయటికి రాలేదు.

ముళ్లన్నీ కట్టాక నూలు ఆమె చేతికి వచ్చింది. ముందు నల్ల రంగులో ముంచి ఆరబెట్టింది. తర్వాత నాళాల దగ్గరా, గుండె దగ్గరా పట్టీలు విప్పి, పుల్లకు గుడ్డ చుట్టి, ఎరుపు అద్దాలి. ఆ పని అందరికీ చేతకాదు. రంగు గీత దాటి పాకితే ఇన్ని రోజుల కష్టం మట్టిపాలు. రాజమణి నీలం పని ముగించి, ఎరుపు కలిపి, గుండె దగ్గరికి వచ్చినప్పుడు చేయి ఆగింది. ఇప్పుడు చెప్పినా ఆ ఒక్క ముక్క విప్పి సర్దుకోవచ్చు. గుండె ఉన్న వరసల నూలును మడత తీసి చుట్టుకుంటే చాలు. 

కానీ ఆమె కళ్ల ముందు కనపడింది వేరే. బడి గోడకు బట్ట వేలాడుతుంది. పెద్ద అధికారి కళ్లజోడు సర్దుకుంటాడు. ఇదేమిటమ్మా, మీ ఊళ్లో మనుషులకు గుండెలు రెండా అంటాడు. పంతులమ్మ మొహం మాడిపోతుంది. సదువు ముచ్చట, సదువు ముచ్చట అని మురిసిన మనిషికి ఆ సదువు ఎంతటిదో తెలుస్తుంది. ఇలా లెక్క వేసుకుంటే ఎండకు పోయి వచ్చి కుండనీళ్లు తాగినంత హాయిగా ఉంది. ఆ బట్ట నేసేవి తన మొగుడి చేతులని, అది పంతులమ్మ పరువు కంటే ముందు ఆయన పరువని కుళ్లు కమ్మిన కళ్లకు ఆనలేదు. ఆమె ఎరుపు అద్దింది. గీత దాటకుండా, చిక్కగా, తన జీవితంలో అంత బాగా ఏనాడూ అద్దలేదన్నట్టు అద్దింది.

కండెకు చుట్టిన నూలు మీద రంగు మచ్చలే తప్ప బొమ్మ కనపడదు. నేస్తున్నకొద్దీ అది కింది నుంచి పైకి లేచి వస్తుంది. సిద్దయ్య పాదాల నుంచి మొదలుపెట్టాడు. పిక్కలు వచ్చాయి, మోకాళ్లు వచ్చాయి, తొడల వెంట ఎరుపూ నీలం జంటగా పైకి పాకాయి. మూత్రపిండాలు చిక్కుడు గింజల్లా చెరో వైపు వచ్చి కూర్చుంటే వాడ వాళ్లంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. సాలమ్మ కూడా ఆ రోజు వంకర మాట అనలేదు. రాజమణి ఇంటి పనిలో పడ్డట్టు నటిస్తూ చెవిని మగ్గం మీదే వేసి ఉంచింది.

తనిఖీకి ముందు రోజు, పంతులమ్మ బడికి పోయిన వేళ, మగ్గం చప్పుడు ఆగింది. మళ్లీ రెండు పోగులు పడ్డ చప్పుడు, మళ్లీ ఆగింది. తర్వాత ఇంకేమీ వినపడలేదు. రాజమణి చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

"రాజమణీ."

ఆమె వెళ్లింది. మగ్గం గుంటలో కూర్చున్న సిద్దయ్య ముందు, నల్ల నేల మీద తెల్లని మనిషి రొమ్ము దాకా లేచి ఉన్నాడు. వెన్నెముకకు అటొకటి, ఇటొకటి, నిగనిగలాడుతూ రెండు గుండెలు సగం దాకా వచ్చి ఉన్నాయి. సిద్దయ్య వాటిని చూడడం లేదు. రంగు పట్టి ఉన్న ఆమె గోళ్లను చూస్తున్నాడు.

"గీ ఎరుపు అద్దింది నువ్వే గద."

"మీరు గీసిన కాడ అద్దిన."

"మనిషికి గుండె ఒక్కటే ఉంటదని నీకు తెల్వదా?"

అబద్ధం చెప్పి ఉంటే అక్కడితో పోయేది. రాజమణికి కోపం తెలుసు, ఏడుపు తెలుసు, అబద్ధం మాత్రం ఆయన ముందు ఎప్పుడూ అలవాటు లేదు. 

"తెల్సు," అంది.

"ఎప్పటిసంది?"

"మీరిద్దరు ముడులేస్తున్నప్పటిసంది."

సిద్దయ్య వేలితో ఆ ఎరుపును తడిమాడు. మళ్లీ పాత మూగతనం వచ్చిందేమో అనుకుంది ఆమె. కానీ ఆయన అడిగాడు.

"మరెందుకు చెప్పకపోతివి?"

"నా జాగల ఆమెను కూసోబెట్టినవు. ఆమెనే చెప్తదనుకున్న."

ఆ మాట పుల్లవిరుపుగా బయటికి వచ్చింది గానీ, వచ్చాక ఆ గదిలో నిలబడడానికి దానికి చోటు లేకపోయింది. సిద్దయ్య పోగు తోసే నాడెను చేతిలోకి తీసుకున్నాడు. నేత ఆపుతాడనో, కత్తి పెట్టి కోసేస్తాడనో ఆమె అనుకుంది. మళ్లీ కట్టి రంగు వేసే గడువు లేదు, ఆయన నేయడం మొదలుపెట్టాడు. రెండు గుండెలనూ పూర్తిగా నేశాడు, భుజాలు నేశాడు, మెడ నేశాడు, రెండు కళ్లు నేశాడు. సాయంత్రానికి బట్టలో మనిషి పూర్తయ్యాడు. ఆ రెండో గుండె లేకపోతే కళ్లకు అద్దుకోవాల్సిన బట్ట.

బడి నుంచి వచ్చిన ఆండాళు పరుగున లోపలికి వెళ్లి, చూసి, మగ్గం పక్కన నేల మీదే కూలబడింది. తప్పు నాదే అన్నా అంది. సైన్సు చదివినదాన్ని నేను, మడత సంగతి విని కూడా గుండె దగ్గర ఆగి ఆలోచించలేకపోయాను అని తన నెత్తిన తానే కొట్టుకుంది. ఆ ఏడుపులో రాజమణి వైపు తిరిగింది.

"వదినే, నువ్వన్న సూస్తివేమో. నీకన్న అనిపియ్యలేదా?"

రాజమణి నోరు తెరిచింది. ఎంతో కాలంగా ఆమె ఎదురుచూసిన గడియ ఇదే. నాకు తెలుసు, మీ ఇద్దరికీ తెలియంది నాకు తెలుసు అని అనేయవచ్చు. ఆమె కంటే ముందు సిద్దయ్య అన్నాడు.

"ఆమెకు తెల్వదు పంతులమ్మా. మనం కట్టిన కాడ రంగు పెట్టింది. గంతే."

మొగుడు తనను కాపాడాడు. వాడలో ఎవరికీ, ఎప్పటికీ చెప్పడని కూడా ఆమెకు అర్థమైంది. తెలిసీ చెప్పలేదన్న పాపం నుంచి ఆయన ఆమెను తప్పించాడు, తప్పించి ఏమీ తెలియనిదాన్ని చేసి ఆ పిల్ల ముందు నిలబెట్టాడు. ఆండాళు లేచి వచ్చి ఆమె చేతులు పట్టుకుని, నీ తప్పేం లేదు వదినే అని ఓదార్చింది. ఆ ఓదార్పు కంటే చెంపదెబ్బ నయమనిపించింది.

తనిఖీ రోజున ఆండాళు ఆ బట్టనే గోడకు వేలాడదీసింది. పిల్లలకూ అధికారికీ తానే చెప్పేసింది. మనిషి పైకి రెండు సగాలూ సమానమే, లోపల కాదు, గుండె ఎడమకు జరిగి ఉంటుంది, కాలేయం కుడివైపు ఉంటుంది, ఆ సంగతి మరిచి బొమ్మ గీసింది నేనే అని. అధికారి కోప్పడలేదు సరికదా, తప్పు తానే చూపించే పంతులమ్మను ఇప్పుడే చూస్తున్నానని మెచ్చుకుని, ఇంత పని చేసిన సాలాయన ఎక్కడ అని అడిగాడట. సాలమ్మ ఈ కబురు పరుగున మోసుకొచ్చి, పంతులమ్మ పేరు జిల్లా దాకా మోగిపోయిందని రాజమణి మొహం మీదే చెప్పింది. సిద్దయ్య బడికి పోలేదు. ఉతికి మడతపెట్టిన ధోవతి దండెం మీదే ఉంది. తప్పు పడ్డ బట్ట ముందర నిలబడలేనని పంతులమ్మకు చెప్పి, ఆ పూటంతా ఎవరిదో పాత పడుగు పోగులు అతుకుతూ కూర్చున్నాడు. 

అది చూసి రాజమణి వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అవమానం ఎవరి మీద వేయాలనుకుందో ఆ మనిషి దండలు వేయించుకుంది. ఎవరిని తన వైపు తిప్పుకోవాలనుకుందో ఆ మనిషి తలెత్తలేదు. ఇంత జరిగినా పంతులమ్మ మీద కుళ్లు తగ్గిందా అంటే తగ్గలేదు. తప్పును కూడా తన గొప్ప చేసుకోగలిగిన తెలివి చూసి ఇంకొంచెం పెరిగింది.

ఎండాకాలం సెలవులకు ముందు ఆండాళును కొత్తకోట వైపు ఒక బడికి మార్చారు. పెట్టె సర్దుకుని బండి ఎక్కేముందు రాజమణిని కావలించుకుని, నీ జాగ నీకు ఇచ్చేసి పోతున్న వదినే అని నవ్వింది. రాజమణి కూడా నవ్వింది. బండి గుట్ట మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంట్లోకి వచ్చి, ముందు గది ఊడ్చింది.

మర్నాడు సిద్దయ్య చట్రానికి కొత్త నూలు చుట్టాడు. మామూలు చీర, మామూలు చిలుకలు. ఆయన ఏమీ పిలవకుండానే రాజమణి వచ్చి ఎదురుగా, తన చోట కూర్చుంది. మోకాళ్లకు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని పట్టీ చుట్టింది. చేతులు పాత చేతులే, మరిచిపోలేదు. పని సాగుతుంటే నెమ్మదిగా నోరు కూడా విప్పింది, బీరపాదు సంగతి, నకిరేకల్లు కబుర్లు. సిద్దయ్య ఊ కొట్టాడు. ఒక వరస పూర్తయింది.

అప్పుడు ఆయన లేచాడు. చట్రం చుట్టూ తిరిగి ఆమె వైపు వచ్చాడు. వంగి, ఆమె కట్టిన ముళ్లను ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. ఓపికగా, నెమ్మదిగా, దగ్గరగా. ఒక్కటీ వదులుగా లేదు, ఒక్కటీ గీత దాటలేదు. అయినా నమ్మకం లేనట్టు చివరిదాకా చూశాడు. చూసి, ఏమీ అనకుండా తిరిగి తన చోటికి వెళ్లి కూర్చున్నాడు.

రాజమణి రెండో వరస కట్టింది. కట్టాక పట్టీ వదలలేదు. ఆయన లేచి వచ్చి చూసేదాకా ఆ ముడిని వేళ్లతో అలాగే పట్టుకుని కూర్చుంది.